కాగితం మీద తమ్ముడు

కోవూరు,
బుధవారం, మధ్యాహ్నం.

ఫేబీ వాళ్ళ నాన్నగారికి,

డెబోరా వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, ఫేబీ, అత్తమ్మ, పక్క పోర్షనులో మా తోడికోడలు ఏంజెలిన్, వాళ్ళ ఫ్రెడ్డీ అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. ఒంట్లో అని ఎందుకు రాశానో ఉత్తరం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. పారాదీప్ ఓడరేవులో మీరూ, మీ క్రేనూ క్షేమమని తలుస్తాను. ఎండలో పైకెక్కేటప్పుడు తలకు తువ్వాలు చుట్టుకోవడం మరవకండి.

మీ ఉత్తరం శనివారం అందింది. ఫోనులో చెప్పిన మాట నిలవదని, పెళ్ళైన కొత్తలో మీరే ఈ ఉత్తరాలు అలవాటు చేశారు. ఇప్పుడు అదే మేలైంది. ఫోనైతే మీరు స్పీకరు పెడతారు, గదిలో ఉన్న నలుగురూ వింటారు, నేను సగంలో ఉండగానే "సరే సరేలే" అని పెట్టేస్తారు. ఇది సగంలో పెట్టేసే సంగతి కాదు.

మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. మొదటిదాన్ని చివరికి ఉంచుకుని మిగతావి ముందు చెబుతాను.

అత్తమ్మ మోకాళ్ళు ఇప్పుడు నయం. ఆదివారం గుడికి నడిచే వెళుతోంది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆటో కావాలంటుంది. నీళ్ళ మోటారు బాగు చేయించాను. పాత వైండింగు కాలిపోయిందట. కొత్తది వేసిన తేదీ సుద్దతో మోటారు మీదే రాశాను. మీరు నవ్వుతారని తెలుసు. గ్యాస్ బండ మీద, బియ్యం బస్తా మీద, పచ్చడి జాడీ మీద తేదీ రాసే దాన్ని మోటారును వదులుతానా. ఏది ఎప్పుడు మొదలైందో తెలియకపోతే ఎంత కాలం వచ్చిందో ఎలా తెలుస్తుంది?

ఇక ఫేబీ ఫోనులో మాట్లాడడం లేదేమని అడిగారు. అది మీ మీద అలిగింది. ఎందుకు అలిగిందో నాకూ మొదట తెలియలేదు. పరీక్ష రోజున తెలిసింది. అదెలాగో మీ మొదటి ప్రశ్నకు జవాబులోనే వస్తుంది. "బళ్ళో తెలివితేటల పరీక్ష పెడతారన్నావు, ఏమైంది?" అని అడిగారు కదా. ఏమైందో చెబుతాను.

నెల్లూరులో ఎవరో ట్రస్టు వాళ్ళు కొత్తగా ఒక బడి పెట్టారు. ఒక్కో బడి నుంచి ఐదో తరగతి వాళ్ళలో ఒక్కరినే తీసుకుని పదో తరగతి దాకా వాళ్ళే చదివిస్తారట. తీసుకునేది మార్కులు చూసి కాదు. సైకాలజీ చదివిన స్వర్ణ మేడమ్ అని ఒకామె వచ్చి, పిల్లల్ని ఒక్కొక్కరినే గదిలో కూర్చోబెట్టుకుని పరీక్ష చేశారు. చదవడం, లెక్కలు చేయడం ఒక పూట. తెలివికి ఇంకో పూట. మన ఫేబీ, ఫ్రెడ్డీ ఇద్దరూ ఆ జాబితాలో ఉన్నారు. మేము తల్లులం వరండాలో కూర్చున్నాం. ఏంజెలిన్‌కు హాస్పిటల్లో డ్యూటీ ఉండి రాలేదు కాబట్టి ఇద్దరికీ నేనే.

ఫేబీ బయటికి వచ్చాక ఏమడిగారో చెప్పమన్నాను. ఎరుపూ తెలుపూ దిమ్మలు ఇచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమన్నారట. అంకెలు చెప్పి వెనక నుంచి ముందుకు చెప్పమన్నారట. "రైలు, బస్సు రెండూ ఎట్టా ఒకటి పాపా?" అని అడిగారట.

"నువ్వేం జెప్పినావు?"

"రెండూ నాన్నను తీసకపోతాయని చెప్పినా."

"ప్రయాణానికి వాడేవి అని చెప్పాల గదే. అంత తెలీదా నీకు?"

"అది కూడా తెలుసు. ఇది ముందొచ్చింది."

ఆ మార్కు పోయింది కదా అని ఆ పూటంతా నా మనసు గుంజుకుపోయింది. కూర్చుని ఆలోచిస్తే సాయంత్రానికి గానీ ఆ మాట నాకు అందలేదు. మీరు పోయినసారి వచ్చి నాలుగో రోజే రైలెక్కారు. దానికి చెప్పకుండా, అది బళ్ళో ఉండగా. అలకకు కారణం అదీ.

ఆ రోజే ఇంకో సంగతి జరిగింది. ఫ్రెడ్డీని లోపలికి పిలవబోతూ మేడమ్ నా దగ్గరికి వచ్చారు.

"ఫేబీ అమ్మగారు మీరే కదా? పాప మాటకు ముందు ఫ్రెడ్డీ అన్న, ఫ్రెడ్డీ అన్న అంటోంది. కాగితాల్లో చూస్తే అతను పాప కంటే తొమ్మిది నెలలు చిన్న. వయసు సరిగ్గానే రాశారా అమ్మా? మాకు నెలలతో సహా కావాలి."

మీకు గుర్తుంది కదా. ఫ్రెడ్డీ మనుబోలులో ఏంజెలిన్ పుట్టింట్లో జూన్‌లో పుట్టాడు. ఫేబీ అదే ఏడు సెప్టెంబరులో. ఫ్రెడ్డీ నిజంగానే అన్న. ఇద్దరినీ ఒకే రోజు బళ్ళో వేసింది మీరు. ఫ్రెడ్డీ వాళ్ళ నాన్న, మీ తమ్ముడు హెన్రీ, ఇప్పటిలాగే అప్పుడూ చెరువుల దగ్గరే ఉన్నాడు, రొయ్యలకు తెగులు వచ్చి కదలలేకపోయాడు. ఫ్రెడ్డీకి ఒక ఏడాది తగ్గించి రాయించారు, రేపు సర్కారు ఉద్యోగం వస్తే ఒక ఏడాది ఎక్కువ చేసుకుంటాడని. అందరూ చేసేదే, నేనూ ఏమీ అనలేదు. ఫేబీకి మాత్రం ఉన్న తేదీ ఉన్నట్టే రాయించారు.

మేడమ్ అడిగినప్పుడు నేను నవ్వేశాను. "మా నెల్లూరులో అందరినీ అన్నా అనే అంటాం మేడమ్. బస్సు కండక్టరూ అన్నే, కూరగాయలాయనా అన్నే. దానికేముంది" అన్నాను. ఆమెది కాకినాడ వైపు. "అవునవును, ఇక్కడికి వచ్చాక నన్ను కూడా అందరూ అక్కా అంటున్నారు" అని ఆమే నవ్వి లోపలికి పోయారు. మన ఇంటి పరువు కాపాడానని అనుకున్నాను. ఏంజెలిన్‌కు చెబితే, "మా అక్క తెలివికి పరీక్ష పెడితే వాళ్ళ కాగితాలు చాలవు" అని నా బుగ్గ గిల్లింది.

వారం తర్వాత ఫలితం వచ్చింది. ఫ్రెడ్డీకి నూట ఇరవై తొమ్మిది. ఫేబీకి నూట ఇరవై ఒకటి. చదవడంలో ఫేబీ ముందు, లెక్కల్లో ఫ్రెడ్డీ ముందు, అక్కడ సరికి సరి. సీటు ఫ్రెడ్డీకి.

ఆ రోజు నుంచి ఈ ఇంట్లో నేను ఎలా మసిలానో మీకు చెప్పాలి. ఏంజెలిన్ యూనిఫాం కూడా మార్చుకోకుండా కేకు పట్టుకొచ్చింది. మొదటి ముక్క ఫేబీ నోట్లోనే పెట్టింది, ఆ మాట కాదనను. నా ముక్క నేను అత్తమ్మ కంచంలో పెట్టేశాను. ఆదివారం గుళ్ళో ఫ్రెడ్డీ పేరు చెప్పి కృతజ్ఞతార్పణ ఇచ్చారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఫేబీ అందరికంటే గట్టిగా కొట్టింది. నేను బైబిల్లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

అత్తమ్మ అయితే వీధిలో వచ్చే పోయేవాళ్ళందరికీ చెప్పింది. చేపల పులుసు వడ్డిస్తే తలకాయ ముక్క తన కంచంలోంచి తీసి ఫ్రెడ్డీ కంచంలో వేసింది.

"తినురా అబ్బయ్యా. మా ఆనందబాబు తెలివంతా నీకే వచ్చింది."

నాకు ఉండబట్టలేదు. "మరి ఆయన కన్నబిడ్డకు ఎవరి తెలివి వచ్చినట్టు అత్తమ్మా?"

"దానికేం మే, అది నిదానం. అచ్చం నీ పోలిక" అంది, ముల్లు తీసుకుంటూ.

నా వంటింట్లో, నేను వండిన పులుసు ముందు కూర్చుని అన్న మాట అది. ఆ పిల్లవాడు బడి వదిలిన దగ్గర్నుంచి ఏంజెలిన్ డ్యూటీ దిగేదాకా ఉండేది నా దగ్గరే. ఎక్కాలు నేర్పింది నేను. చింతగింజలు పోసి భాగహారం చెప్పింది నేను. నేను వాడికి చెబుతుంటే పక్కన ఫేబీ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉండేది, ఆడపిల్ల కదా అని నేనే ఆ పని దాని చేతిలో పెట్టాను. వాడు కన్నీళ్ళు పెట్టుకుంటే నా పమిట కొంగుతోనే తుడిచాను. ఆ కొంగుకే ఇప్పుడు నిప్పంటుకున్నట్టు ఉంది. ఏంజెలిన్‌కు జీతం ఉంది, తెల్ల కోటు ఉంది, నలుగురిలో నవ్వగలదు. కొడుకు తెచ్చే ఈ అంకె కూడా ఆమెకే రావాలా?

ఇక్కడి దాకా నిదానంగానే రాశాను. ఇప్పుడు రాయబోయేది రాయకుండా ఉత్తరం మడిచేద్దామని ఒకసారి అనుకున్నాను.

సోమవారం పిల్లలు బడికి పోయాక, అత్తమ్మతో పన్ను నొప్పి డాక్టరు దగ్గరికని చెప్పి ఆటో ఎక్కాను. పెన్న వంతెన దాటేటప్పుడు కూడా వెనక్కి తిరగవచ్చు అనిపించింది. తిరగలేదు. నెల్లూరులో స్వర్ణ మేడమ్ గది కనుక్కుని ఆమె ముందు కూర్చుని ఫ్రెడ్డీ అసలు తేదీ చెప్పేశాను. రుజువుకు, పసివాడిగా గుళ్ళో ప్రభువుకు ప్రతిష్ఠ చేసినప్పుడు పుట్టిన తేదీ వేసి ఇచ్చిన కార్డు కూడా తీసుకుపోయాను.

ఆమె కార్డు మీది తేదీ రెండుసార్లు చదివారు.

"ఆ రోజు అందరినీ అన్నా అంటామన్నారు కదమ్మా?"

"అంటాం మేడమ్. ఇతను మాత్రం నిజంగా అన్నే."

"మరి ఆ రోజే చెప్పి ఉండొచ్చు."

ఎందుకు చెప్పలేదో ఆమెకు అర్థమైందనుకుంటాను. గొంతులో మర్యాద తగ్గలేదు గానీ మళ్ళీ నవ్వలేదు. వయసు ఎందుకు కావాలో అప్పుడు చెప్పారు. పిల్ల ఎన్ని చేసింది అన్నది ఒక్కటే కాదట, ఆ వయసు పిల్లలు మామూలుగా ఎన్ని చేస్తారో దాని పక్కన పెట్టి చూస్తారట. నాకు అర్థమైనంతలో, ఒకే బిందెడు నీళ్ళు తొమ్మిదేళ్ళవాడు మోస్తే గొప్ప, పదేళ్ళవాడు మోస్తే అంత గొప్ప కాదు. ఆమె లావుపాటి పుస్తకంలో పట్టిక తీసి, వేలు ఒక గడి నుంచి ఇంకో గడికి జరిపి, కాగితం మీద కూడికలు వేసి చూపించారు. ఫ్రెడ్డీకి నూట పద్దెనిమిది.

సంతోషం వేసింది. మీ దగ్గర దాచను. ఒళ్ళంతా చల్లబడ్డట్టు సంతోషం వేసింది.

ఆమె అది చూసే కాబోలు అన్నారు. "నూట పద్దెనిమిదికీ నూట ఇరవై ఒకటికీ తేడా ఉందనుకోకండి. ఇంకోరోజు పెడితే అటూ ఇటూ కావచ్చు. ఇద్దరూ ఒకటే అనుకోండి." నేను పావుకిలో పప్పు కూడా చూసి తూయించుకునే దాన్ని. అటూ ఇటూ కాగల అంకెను పట్టుకుని ఒక బిడ్డను లోపలా ఒక బిడ్డను బయటా నిలబెడతారా అని అడిగాను. "సీటు ఒక్కటే కదమ్మా" అన్నారు.

లేచేటప్పుడు ఇంకో మాట కూడా అడిగాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. "మా పాపకు కూడా ఒక ఏడాది తగ్గించి రాసుంటే ఎంత వచ్చేది మేడమ్?" ఆమె వద్దన్నట్టు చూసి, అయినా పట్టిక చూసి చెప్పారు. నూట ముప్పై రెండు. ఆ అంకె ఎవరికీ పనికిరాదు. కోవూరు వచ్చేదాకా ఆటోలో అది నా నాలుక మీదే ఉంది.

గుమ్మం దాకా వచ్చాక మేడమ్ ఆపారు. "మీరేనా ఆ పెద్దమ్మ? పొయ్యి మీద గిన్నె మాడుతుంటే, ఇంట్లో పెద్దవాళ్ళు లేకపోతే ఏం చేస్తావని ఫ్రెడ్డీని అడిగాను. మా పెద్దమ్మ ఉండగా మాడదు మేడమ్ అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఆ ప్రశ్నకు అతనికి మార్కు రాలేదు."

నేను మెట్లు దిగి వచ్చేశాను.

అటునుంచి మన పిల్లల బడికి పోయి హెడ్‌మాస్టరు కిషోర్ బాబు గారిని కలిశాను. తేదీ సవరించాలంటే చేర్చిన రోజు సంతకం పెట్టినవాళ్ళే పెట్టాలట. వచ్చే నెల మొదటి వారం లోపల కాగితం అందితే సీటు ఫేబీకి. లేకపోతే ఉన్నది ఉన్నట్టే. అంటే ఇది మీ చేతిలో పని.

నిన్న సాయంత్రం ఏంజెలిన్ డ్యూటీకి జడ వేసుకుంటుంటే పోయి చెప్పేశాను. మీతో చెప్పే ముందు ఆమెతో చెప్పాలనిపించింది. ఎందుకో నన్ను అడగకండి. ఆమె దువ్వెన పక్కన పెట్టింది.

"పన్ను నొప్పన్నావంట గదక్కా."

"అబద్ధం చెప్పినా."

"మా వాడి మీద నీకింత మంట ఉండాదని నాకు తెలీలేదు."

"వాడి మీద కాదు మే, నీ మీద."

ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. జడ మళ్ళీ మొదటి నుంచి వేసుకుంది.

"ఆ తేదీ నేను రాయించలా. బావ రాయించినాడు. ఆ పొద్దు నేనూ బడి కాడికి వచ్చినా, నీకు తెలీదు. రాస్తే ఇద్దరికీ రాయించు బావా, ఫేబీకి కూడా ఒక ఏడాది కలిసొస్తుందని చెప్పినా. ఆడపిల్లకెందుకు, తొందరగా చదువైపోతే మంచిదే గదా అన్న్యాడు. నన్ను గాదు అడగాల్సింది నువ్వు."

ఏమండీ, నిజమేనా?

నేను ఇన్నాళ్ళూ మీరు మరిచిపోయి ఉంటారనుకున్నాను. తమ్ముడి కొడుకు మీద ప్రేమ ఎక్కువై రాయించారనుకున్నాను, దానికి కూడా లోలోపల కుళ్ళుకున్నాను. అడిగినా వద్దన్నారని తెలియదు. ఒక ఏడాది ఇవ్వడానికి మీ చేతిలో ఖర్చేమీ లేదు. దాని రైలూ బస్సూ జవాబు ఇప్పుడు ఇంకోసారి చదువుకోండి. చిక్కుడుకాయల ఈనెలు తీయించిన దాన్ని నేనూ మీ పక్కన నిలబడాల్సిందే, అది తప్పించుకోను. అయినా ముందు జవాబు మీరు చెప్పాలి.

ఏంజెలిన్ చెప్పులు వేసుకుంటూ అంది. "సంతకం విషయంలో నేను అడ్డం రానక్కా. నిజం తేదీకి అడ్డం వస్తే రేపు వాడికి నేనేం చెప్తా? వాడికి మాత్రం నువ్వే చెప్పు. నీ మాటైతేనే వింటాడు."

అది నాకు వేసిన శిక్ష అని తెలుసు. పిల్లలిద్దరూ నా వంటింటి గడప మీద కూర్చుని మరమరాలు తింటున్నారు. చెప్పాను. నీ పుట్టినరోజు తప్పుగా రాశారు నాన్నా, సరిచేస్తే నీ అంకె తగ్గుతుంది, ఆ బడికి నీకు బదులు ఫేబీ పోతుంది అని. చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాలేదు.

వాడు మరమరాలు నమలడం ఆపాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయేమో అని కొంగు చేతిలోకి తీసుకున్నాను.

"అంటే బడి కాగితంలో కూడా నేనే అన్నను అవుతానా పెద్దమ్మా?"

"అవుతావు."

"చూసినావా ఫేబీ? రిజిస్టర్లో తమ్ముడు, తమ్ముడు అని ఎగతాళి చేసినారే క్లాసులో. ఇంక చెయ్యమను." ఆ తర్వాత కాసేపటికి గొంతు తగ్గించి, "ఆ బడికి బస్సు నీలం రంగంట గదా" అన్నాడు. అప్పుడు తిరిగాయి నీళ్ళు. ఫేబీ తన దోసిట్లో ఉన్న మరమరాలు వాడి దోసిట్లో పోసింది. వాడు ఏడుస్తూనే తిన్నాడు.

నేను చూస్తూ ఉన్నాను. ఆ క్షణంలో కూడా నాకు అసూయే వేసిందండీ. పోగొట్టుకుంటూ కూడా అన్న అనిపించుకోవడానికి సంబరపడే బిడ్డను ఏంజెలిన్ కన్నది. నా బిడ్డ గెలిచి కూడా తన చేతిలోది వాడికే పోసింది. వాళ్ళిద్దరికీ ఒకరి మీద ఒకరికి లేని మంట నాలో ఒక్కదానిలోనే ఎలా పుట్టిందో, ఏ పరీక్ష పెడితే తెలుస్తుందో.

సవరణ కాగితం ఇందులో పెట్టాను. అసలు తేదీ ఎదురుగా పెన్సిలుతో రాశాను, మీరు దాని మీద సిరాతో దిద్ది కింద సంతకం పెట్టండి. ఇది ఫేబీకి సీటు రావాలని అడుగుతున్నాను. న్యాయం కోసమని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. ఫ్రెడ్డీకి కూడా ఏదో ఒక దారి చూడమని మేడమ్‌ను మళ్ళీ కలుస్తాను. ఈసారి పన్ను నొప్పని చెప్పి పోను.

కాగితంతో పాటు ఫేబీకి వేరే ఉత్తరం రాయండి. దాని పేరున, రాసిన రోజు తేదీ వేసి. ఆడపిల్లకెందుకు అన్న మాట మీరు అన్నారో లేదో దానికి చెప్పనవసరం లేదు, నాకు చెప్పండి చాలు. ఈసారి వచ్చి వెళ్ళేటప్పుడు మాత్రం అది ఇంట్లో ఉన్నప్పుడే రైలుకు బయలుదేరండి.

ఇట్లు,
ఫేబీ అమ్మ, ఫ్రెడ్డీ అన్నకు పెద్దమ్మ,
మీ డెబోరా.